తడిదా, పొడిదా

అడయారులో ఆ గదికి కిటికీలున్నాయి కానీ తెరవరు.
కార్తీకం ముసురు అద్దం బయటే ఉండిపోయింది.
నా పని రాయడం.
మాట్లాడినదంతా కాదు, తేలినది.

విషయం: మూడువందల పన్నెండు పీపాలు.
ఎప్పుడో ఒక ఎడారిలో పేల్చి చూసినదాని తాలూకు
మట్టి, గాజైపోయిన ఇసుక, మెలితిరిగిన ఇనుము.
ఒక జత చేతితొడుగులు కూడా జాబితాలో ఉన్నాయి.
ఏ ఎడారో రాయొద్దన్నారు.
రాయలేదు.

వేదాద్రి గారు ముందు సముద్రం అన్నారు.
లోతు చాలా ఉందన్నారు.
ఎవరూ కాదనలేదు.
మధ్యాహ్నం భోజనాల దగ్గర మాత్రం
వంజరం ముక్కలు పళ్లేల్లో అలాగే మిగిలిపోయాయి.

అమలోర్పవం మేడమ్‌ది రాయి పక్షం.
పల్లావరం కొండరాయి పెళ్లొకటి సంచిలోంచి తీసి
నా కాగితాల మీద పెట్టింది.
రెండువందల యాభై కోట్ల ఏళ్లుగా ఇది కదల్లేదంది.
ఏసీ గాలికి ఎగురుతున్న పేజీలు ఆగాయి.
అంతవరకు నిజమే.

భూమిలో దాచడానికి మీ తెలుగులో మాటుందా
అని అడిగారు వేదాద్రి గారు, ఆ రోజు మొత్తానికి ఒక్కసారి.
పాతర, అన్నాను.
ఒక్క క్షణం ఆగి నేనే అన్నాను:
"అది ధాన్యానికి సార్. కరువొస్తే మళ్లీ తవ్వుకుంటారు."
ఆయన ఆ మాటని పెన్సిల్‌తో రాసుకుని, కొట్టేశారు.

ఒక్కో పీపాకి ఒక్కో అర్ధాయువు.
కొన్నిటికి ముప్పై ఏళ్లు. ఒకదానికి ఇరవైనాలుగు వేలు.
మా నాయనమ్మ అర్ధాయుష్షు అనేది
పదిహేడేళ్లకే పోయిన తమ్ముణ్ని తలుచుకుని.
ఇక్కడ సగమంటే
తెలుగు అక్షరం పుట్టి ఇవాళ్టిదాకా నడిచిన దూరం
పదిహేను పదహారుసార్లు నడవడం.
రాస్తున్న చెయ్యి కాసేపు ఆగింది. ఎవరూ చూడలేదు.

నాలుగో అంశం: పాతిన చోట ఏ గుర్తు పెట్టాలి?
పుర్రె బొమ్మ, అన్నారొకరు.
పుర్రె చూస్తే నిధి అనుకుంటారు, అన్నారింకొకరు.
నాకు నెల్లూరు వైపు ఒక వాగొడ్డున చూసిన శాసనం గుర్తొచ్చింది.
ఈ ధర్మానికి విఘ్నం తలపెట్టినవాడు
గంగ ఒడ్డున కపిల గోవును చంపిన పాపాన పోతాడని
చివర శాపం.
శాపం నడుమ నున్నగా అరిగిన గుంట.
ఏళ్ల తరబడి ఎవరో బట్టలుతుక్కున్నారు దానిమీద,
చదువు రాకో,
వచ్చి కూడానో. రేవుకి రాయి కావాలి కదా.
చెబుదామనుకున్నాను. స్టెనోలు చెప్పరు.

నాలుగున్నరకి పెంచలయ్య వచ్చాడు,
నీలం సంచి, ఆకుపచ్చ సంచి.
వాళ్ల తాత కాలువ మీద పడవలో వచ్చాడట
ఈ ఊరి వీధులూడవడానికి.
కప్పులేరుతూ, బల్లమీది పటం చూస్తూ అడిగాడు:
"ఏం పారెయ్యాలనమ్మా ఇంతసేపు?"
చెప్పాను, నాకు అర్థమైనంత.
"తడిదా, పొడిదా?"
నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.
"పారెయ్యడమంటూ ఏం లేదమ్మా.
ఈడ తీసి ఆడ పెట్టడమే.
ఆ ఆడ అనేది ఎప్పుడూ మా ఇంటెనకాలే ఉంటది.
మా నాయన నాడు కొడుంగైయూరు ఊరిబయట.
ఇప్పుడు ఊళ్లోకొచ్చేశాం,
ఆడే ఉండి."
అని, పల్లావరం రాయిని సంచిలో వెయ్యబోయాడు.
అది చెత్త కాదన్నాను.
రాయేగా, అన్నాడు. తుడిచి, పెట్టేశాడు.

తేలినది రాయాలి కాబట్టి రాశాను:
సముద్రం ప్రతిపాదన ఉపసంహరించుకోవడమైనది.
రాతిగర్భం సూచన మరింత పరిశీలనకు.
గుర్తు విషయమై ఉపసంఘం.
అంతవరకు పీపాలు తాత్కాలిక షెడ్డులోనే.

ఆ తాత్కాలికానికి ఇది ఇరవైరెండో ఏడు.
షెడ్డు చూరు కింద చాలా పొడిగా ఉంటుందట.
మొన్నటి వానకి ఒక కుక్క అక్కడే ఈనింది,
నాలుగు పిల్లలు, రెండు నల్లవి.
ఇంటిదగ్గర దింపుతూ డ్రైవర్ మునుస్వామి చెప్పాడు.
అది అంశాల్లో లేదు.